ఫ్లైవీల్ వెనక చుక్కలు

ఆరు బోల్టులూ ఊడి రెండు రోజులైంది. ఫ్లైవీల్ మాత్రం ఇంజిన్‌ను వదల్లేదు.

షెడ్డులో ఉన్నది ముగ్గురు. అది ఎలాగైనా ఊడి రావాలని ఇద్దరు చెమటలు కక్కుతున్నారు. మూడో మనిషి బాలనర్సయ్య. వయసు అరవై దాటింది, అందులో నలభై ఏళ్లు అంబాసిడర్ల కింద పడుకునే గడిపాడు. ఆయన మాత్రం అది ఊడి రాకూడదని కొమురెల్లి మల్లన్నకు మనసులోనే మొక్కుకుంటున్నాడు. పైకి చూస్తే అందరికంటే గట్టిగా గడ్డపార పట్టుకుని నిలబడ్డది ఆయనే. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా, గడ్డపారనైనా పట్టుకోవాలి.

ఆ షెడ్డు కూతురు రోహిణిది. కొత్తగూడలో ఒక సందు చివర, పద్దెనిమిది అంతస్తుల అద్దాల ఆఫీసు ప్రహరీకి ఆనుకుని ఉంటుంది. రోహిణి మెకానికల్ ఇంజినీరింగ్ చదివింది, చదివిన దానికి సంబంధం లేకుండా మాదాపూర్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసింది. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆ ఉద్యోగం. ఒకరోజు "ఇగ నాతోని గాదు" అని వచ్చేసి పాత కార్లు బాగుచేసే ఈ షెడ్డు తెరిచింది. తల్లి బుచ్చమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు పసుపు కుంకుమ తెచ్చి గుమ్మానికి పెట్టింది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం నాడు పాత ఫియట్ కారును పసిపిల్లలా తుడుచుకునే ఐటీ వాళ్లకు ఆ చుట్టుపక్కల కొదవ లేదు. వాళ్లే రోహిణి గిరాకీ. నిజాంపేట రోడ్డు మీది తన షెడ్డు మూసేసిన బాలనర్సయ్య రోజూ ప్రగతి నగర్ నుంచి బస్సెక్కి వచ్చి, సాయం చేస్తున్నానంటూ కూతురి పనికి అడ్డం పడుతుంటాడు.

ఇప్పుడు స్టాండు మీద వేలాడుతున్న ఇంజిన్ చెన్నకేశవులు గారి అంబాసిడర్‌ది. ఆయనది ప్రొద్దుటూరు. మియాపూర్ అంతా రాళ్లూ తుమ్మచెట్లూ ఉన్న రోజుల్లో వచ్చి ప్లాట్లు అమ్మి, తర్వాత అపార్ట్‌మెంట్లు కట్టినవాడు. ఈ మధ్యలో ఎన్ని కార్లు మార్చాడో ఆయనకే లెక్క లేదు, ఈ మీగడ రంగు అంబాసిడర్‌ను మాత్రం మార్చలేదు. దానికి యాభై ఏళ్లు నిండాయి. అంత వయసు బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ ఇస్తారని తెలిసి దరఖాస్తు పెట్టాడు. సోమవారం వచ్చి చూస్తారు, బండి వాళ్ల ముందు స్టార్ట్ అవ్వాలి. తీరా చూస్తే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా గరగరమంటోంది. ఇంజిన్ వెనక తిరిగే బరువైన ఇనుప చక్రమే ఫ్లైవీల్, దాని చుట్టూ ఉండే పళ్ల చక్రం అరిగిపోయింది. అది మార్చాలంటే ఫ్లైవీల్ దింపాలి. అప్పటికి శుక్రవారం పొద్దున పది దాటింది.

చెన్నకేశవులు గారికి ఒక మాట అలవాటు. కనిపించిన ప్రతి మనిషికీ ఆ కారు బానెట్ మీద చెయ్యేసి చెబుతాడు, "అరిగే ప్లేట్లు తప్ప దీంట్లో ఒక్క ముక్క మారలేదప్పా. ఎల్లయ్య ఉస్తాద్, ఆయన తరవాత మా నర్సయ్య. మూడో చెయ్యి పడనీలేదు."

ఆ మాట విన్న ప్రతిసారీ బాలనర్సయ్య ఏదో వెతుక్కుంటున్నట్టు పక్కకు జరిగేవాడు. ఎందుకంటే ఆ కారులో ఒక ముక్క మారింది. మార్చింది బాలనర్సయ్యే. ఆ ముక్క ఇదిగో, ఈ ఫ్లైవీలే.

ముప్ఫై రెండేళ్ల కిందటి సంగతి. జీడిమెట్ల పోయే దారిలో ఎల్లయ్య ఉస్తాద్ షెడ్డులో బాలనర్సయ్య పని చేసేవాడు. మేడారం జాతర వారం. బుచ్చమ్మ తమ్ముడు అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవాడు, నెంబరు చివర 4417. ట్యాక్సీల వాళ్లు బండి విప్పినప్పుడు సామాను మారిపోకుండా ప్రతి ముక్క మీదా ఉలితో నెంబరు చెక్కుకునేవాళ్లు. ఆ 4417 ఫ్లైవీల్‌కు నడిమి రంధ్రం అరిగి పెద్దదైపోయింది. బండి గజగజ వణికేది. జాతరకు ఇంటిల్లిపాదీ ఆ ట్యాక్సీలోనే పోవాలని బుచ్చమ్మ ఎప్పుడో మొక్కుకుంది. అదే రోజు చెన్నకేశవులు గారి అంబాసిడర్ కూడా షెడ్డులో విప్పి ఉంది. రెండు ఫ్లైవీళ్లు పక్కపక్కన నేల మీద పడి ఉన్నాయి. ఉస్తాద్ సామాను కోసం బజారుకు పోయాడు.

ఎంతసేపు పడుతుంది? బాలనర్సయ్య రెండింటినీ తారుమారు చేశాడు. మంచిది బామ్మర్ది ట్యాక్సీకి పోయింది. వదులుది ఈ సారు బండికి ఎక్కింది. రంధ్రం పెద్దదిగా ఉంది కనుక నూనె డబ్బా రేకును పేలికలా కత్తిరించి సందులో కుక్కి బోల్టులు బిగించాడు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఇంజిన్ కట్టిన మిస్త్రీ ఫ్లైవీల్ లోపలి ముఖం మీద, ఇంజిన్ ఇరుసైన క్రాంకుకు ఆనుకునే చోట, మొనదేలిన పంచ్‌తో తన చుక్కలు కొట్టాలి. ఉస్తాద్‌వి రెండు చుక్కలు. బాలనర్సయ్యవి మూడు. పని చెడిపోయి ఇంకొకరు మళ్లీ చేయాల్సి వస్తే, ఉస్తాద్ అందరినీ చుట్టూ నిలబెట్టి ఆకురాయితో మొదటివాడి చుక్కలు అరగదీసేవాడు. వాడు ఇక ఆ షెడ్డు మనిషి కాడన్నమాట. భీమేశ్వరరావు అని ఒక మంచి పనివాడి చుక్కలు అలా అరిగిపోతుంటే బాలనర్సయ్య కళ్లారా చూశాడు. ఆ మనిషి టిఫిన్ డబ్బా తీసుకుని ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఇంకో కట్టుబాటు చాయ్ గ్లాసు. బండి ఇచ్చే ముందు ఉస్తాద్ ఇంజిన్ మీద నిండు చాయ్ గ్లాసు పెట్టి స్టార్ట్ చేసేవాడు. చాయ్ కదలకుంటేనే బండి గేటు దాటేది. ఆ సాయంత్రం బాలనర్సయ్య ఒంటరిగా గ్లాసు పెట్టి చూశాడు. చాయ్ తొణికింది. దాన్ని మోరీలో పారబోసి, ఉస్తాద్ రాగానే "టెస్ట్ అయింది ఉస్తాద్" అని చెప్పి, తెల్లారి ట్యాక్సీలో జాతరకు వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకు తిరిగొస్తే సారు బండి షెడ్డులో లేదు. ఉస్తాద్ ఒకటే అడిగాడు, "బండి మంచిగ నడిచిందా నర్సిగా?" నడిచిందన్నాడు. అమ్మవారికి ఎత్తిన బెల్లాన్ని మేడారంలో బంగారం అంటారు. ఆ బంగారం ముక్క ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఉస్తాద్ కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. అంతే. కానీ ఆ తర్వాత బాలనర్సయ్య ఆయన ముఖంలోకి సూటిగా చూడలేకపోయాడు. గేటు దగ్గర హారన్ మోగినప్పుడల్లా సారు బండి వణుకుతూ వచ్చిందేమోనని పైప్రాణాలు పైనే పోయేవి. మూడు నెలల్లో పని మానేసి సొంత షెడ్డు పెట్టుకున్నాడు. కొన్నేళ్లకు ఉస్తాద్ మంచం పట్టాడు. "ఒక్కసారి వచ్చి పొమ్మనుండ్రి" అని రెండుసార్లు మనిషిని పంపాడు. అడగడానికే పిలుస్తున్నాడనుకున్నాడు బాలనర్సయ్య. పోలేదు. ఆ తర్వాత ఉస్తాదే పోయాడు.

విచిత్రమేమిటంటే సారు బండి ఏనాడూ వణకలేదు. ఉస్తాద్ కాలం అయిపోయాక అది బాలనర్సయ్య షెడ్డుకే రావడం మొదలైంది. నాలుగుసార్లు క్లచ్ ప్లేట్లు మార్చాడు, ఫ్లైవీల్‌ను మాత్రం ముట్టలేదు. విప్పి సరిచేస్తే పోయేది కదా అంటారా? ఆ 4417 తన కంటికి కూడా కనపడకూడదనుకున్నాడు. రేకు ఎలాగో ఇరుక్కుని తన అదృష్టం కొద్దీ నిలిచిందనుకుని ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆయన సిద్దిపేటలో ఒక పెళ్లికి పోయి వచ్చేసరికి కూతురు ఈ పని ఒప్పుకుని ఇంజిన్ దింపేసి ఉంది. స్టాండు మీద దాన్ని చూడగానే చేతిలోని సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. కూతురికి పని నేర్పినప్పుడు ఉస్తాద్ చుక్కల సంగతీ తన చుక్కల సంగతీ కూడా నేర్పిన ఘనుడు ఆయన. ఫ్లైవీల్ వెనక్కి తిప్పితే మొదట చూసేది ఆ పిల్లే.

అదొక భయం. దాని వెనకే ఇంకొకటి. రేకు కుక్కిన వదులు ఫ్లైవీల్ చేత్తో లాగితే వచ్చేయాలి. ఇది ఎందుకు రావడం లేదు?

"ఇడిసిపెట్టు బిడ్డా. పళ్ల చక్రం దానిమీదనే పెట్టి మార్చొచ్చు," అన్నాడు అప్పటికి నాలుగోసారి.

రోహిణి చేతులు తుడుచుకుంటూ తండ్రిని ఎగాదిగా చూసింది. "ఇంజిన్ మీదున్నప్పుడు రింగు కాల్చి ఎక్కిస్తారా ఎవలన్న? నువ్వే గద నాన్నా సగం పని చేసుడు కంటే చెయ్యకపోవుడే నయం అన్నది. ఏమైంది నీకు రెండొద్దుల సంది?"

"ఏం గాలె. క్రాంక్ పాడైతదని భయం."

"నాకు లేదా భయం?" అంది. పానాను మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఇంత పెద్ద మనిషి బండి ఆ షెడ్డుకు రావడం అదే మొదలు. అది చూసి ఇంకో ఇద్దరు ఫోన్లు చేశారు కూడా. సోమవారం ఈ బండి లేవకపోతే ఆ రెండూ రావు, వచ్చినవి కూడా ఉండవు.

షెడ్డులో ఉన్న ఇంకో మనిషి నరేందర్, గ్యాస్ వెల్డింగ్ చేసేవాడు. జీడిమెట్ల నుంచి సిలిండర్లు ఆటోలో వేసుకుని వచ్చాడు. పొద్దున్నుంచి ఒకటే పాట పాడుతున్నాడు. "జర పక్కకు జరుగుండ్రి కాకా. పెద్ద సుత్తె తోని నాలుగు దెబ్బలు ఏస్తే అదే వస్తది."

బాలనర్సయ్యకు ఒక ఆలోచన తట్టింది. "పొద్దుగాల సంది ఏం తినలె ఇద్దరు. పోయి చాయ్ తాగి రాండ్రి. నేను జర చూస్త," అన్నాడు. నరేందర్‌కు అంతకంటే ఏం కావాలి? రోహిణి కూడా అలసిపోయి ఉంది, వెళ్లింది.

వాళ్లు సందు మలుపు తిరిగారో లేదో, బాలనర్సయ్య గడ్డపార సందులో దూర్చి బరువంతా వేశాడు. వాళ్లు వచ్చేలోపు ఊడదీయాలి, రేకు తీసి జేబులో వేసుకోవాలి, ఆకురాయితో 4417 అరగదీయాలి, తన మూడు చుక్కలు కూడా. పావుగంట చాలు. అటు దూర్చాడు, ఇటు దూర్చాడు. చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టాడు. చెమట కళ్లలోకి కారి మంటపుట్టింది. "రావే, రావే," అని బతిమాలాడు. అరగంట కిందట రావద్దని మొక్కిన నోటితోనే. ఫ్లైవీల్ వెంట్రుకవాసి కదల్లేదు. నాలుగోసారి బరువు వేసేసరికి గడ్డపార జారి ఎడమచేతి బొటనవేలు స్టాండుకూ దానికీ మధ్య నలిగింది.

రోహిణి తిరిగొచ్చేసరికి తండ్రి నేల మీద కూర్చుని వేలు నోట్లో పెట్టుకుని ఉన్నాడు. పక్కన ఆకురాయి పడి ఉంది.

"ఆకురాయి ఎందుకు తీసినవ్ నాన్నా?"

బాలనర్సయ్య నీళ్లు నమిలాడు. "ఊరికెనే."

ఆమె పక్కన కూర్చుని వేలుకు గుడ్డ కట్టింది. కానీ ఆ చూపు ఆయనకు తెలుసు. నాలుగేళ్లు తప్పులు పట్టిన కళ్లు అవి. ఇంట్లో చక్కెర డబ్బా జరిగినా పసిగడతాయి.

నరేందర్ సుత్తె ఎత్తాడు. మొదటి దెబ్బకు షెడ్డు రేకులు గల్లుమన్నాయి. రెండో దెబ్బకు ప్రహరీ అవతల నుంచి ఆఫీసు వాచ్‌మన్ తల పైకి లేచింది. "మేడం, లోపల మీటింగ్ నడుస్తుందంట. చప్పుడు ఆపమంటుండ్రు." మూడో దెబ్బకు ఫ్లైవీల్ అంచు మీద చిన్న పెచ్చు లేచింది. రోహిణి "ఆపు!" అని అరిచింది. నరేందర్ ఆగాడు. ముగ్గురూ ఆ పెచ్చు వైపు చూస్తూ నిలబడ్డారు. పోత ఇనుము అది. ఇంకో దెబ్బ పడితే నిలువునా పగులుతుంది.

సరిగ్గా అప్పుడే సందులో చెన్నకేశవులు గారి కారు ఆగింది.

ఆయన తెల్ల చొక్కా నలగకుండా లోపలికి వచ్చాడు. స్టాండు మీద ఇంజిన్‌ను, నేల మీద సుత్తెను, అంచు మీద లేచిన పెచ్చును వరసగా చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఏం చేస్తాండారు దీన్ని? నా బండి ఇనప సామానుకు వేసేదానికి ఇచ్చినానా మీకు?"

"సార్, ఫ్లైవీల్ రాలేదు సార్. రెండు రోజులు ఆయిల్ పోసి నానబెట్టినం..." అంది రోహిణి.

"ఇరవై అయిదేండ్లు నర్సయ్య చేతిలో ఉండాది ఈ బండి. ఒక్కనాడైనా ఇట్లయిందా? నా కొడుకు చెప్తానే ఉన్నాడు, ఆడపిల్ల షెడ్డులో ఎందుకు నాయనా, కంపెనీ వాళ్లకిద్దామని. నేనే వినలేదు. నర్సయ్య కూతురు కదా, ఆ చెయ్యే కదా అనుకున్నా." ఆయన బాలనర్సయ్య వైపు తిరిగాడు. గొంతు కాస్త మెత్తబడింది. "నువ్వు పట్టుకోవాల్సింది కదప్పా. నీ పని నీకు తెలుసు. పిల్లకేం తెలుసు?"

రోహిణి తల దించుకుంది. "తప్పు నాదే సార్. క్రాంక్ పోతే నేను కొత్తది వేయిస్త. సోమవారం లోపల..."

అని, మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

బాలనర్సయ్య ఆ పెచ్చు వైపు చూశాడు. ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు. ఫ్లైవీల్ పగిలిపోతుంది, పగిలిన ముక్కలు ఎవరూ తిప్పి చూడరు, 4417 చెత్తలోకి పోతుంది. ఆయన చేయి మంచిదిగానే మిగిలిపోతుంది. కూతురి చేయి చెడ్డదవుతుంది. ఇంత సులువుగా తప్పించుకునే దారి ముప్ఫై రెండేళ్లలో ఎన్నడూ దొరకలేదు. ఎదురుగా ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ నిలబడి ఉంది.

"దాని తప్పు లేదు సార్," అన్నాడు.

"పిల్లను వెనకేసుకు రావద్దు నర్సయ్యా."

"వెనకేసుకొస్త లేను. అది మీ ఫ్లైవీలే గాదు."

చెన్నకేశవులు గారు అర్థం కాక చూశాడు. బాలనర్సయ్య కట్టుకట్టిన వేలు రెండో చేత్తో పట్టుకుని, నేల వంక చూస్తూ మొత్తం చెప్పేశాడు. జాతర చెప్పాడు. బామ్మర్ది ట్యాక్సీ చెప్పాడు. నూనె డబ్బా రేకు చెప్పాడు. తొణికిన చాయ్ పారబోసింది కూడా దాచలేదు. "తిప్పి చూస్తే 4417 అని ఉంటది సార్. పక్కన నా మూడు చుక్కలు. మీరు ఊరంత నా చెయ్యి మంచిది అని చెప్తుంటే నేను సిగ్గు లేకుండ వినుకుంట నిలబడ్డ."

నరేందర్ సుత్తెను మెల్లగా గోడకు ఆనించాడు.

"నా బండి సామాను తీసి ట్యాక్సీకి వేస్తివా," అన్నాడు చెన్నకేశవులు గారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "నీ మీద మాట పడనీకుండా నేను ఎంతమందితో..." మాట పూర్తి చేయకుండా ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

బాలనర్సయ్య కూతురి వైపు చూడలేకపోయాడు. కానీ మొదట కదిలింది ఆమే. ఇంజిన్ దగ్గరికి పోయి వంగి నడిమి రంధ్రం చుట్టూ వేలితో తడిమింది.

"వదులుగ ఉండెనా నాన్నా? నిజంగ వదులుగనా?"

"చిటికెనవేలు గోరు దూరేటంత సందు."

"మరి రేకు కుక్కితే ఇన్నేండ్లు ఎట్ల ఉన్నది? నాలుగు నెలలల్ల ఊగి క్లచ్ తినెయ్యాలె. సార్ ఈ బండ్ల తిరుపతికి ఎన్నిసార్లు పోయిండ్రు?"

"తొమ్మిదిసార్లు," అన్నాడు చెన్నకేశవులు గారు తల ఎత్తకుండానే.

"లోపల ఉన్నది నువ్వు పెట్టింది గాదు నాన్నా. ఎవలో కాల్చి, వేడికి రంధ్రం సాగినప్పుడు ఎక్కించి ఉంటరు, చల్లారినంక పట్టేసింది. అందుకే సుత్తెకు వస్త లేదు." ఆమె గొంతు మారిపోయింది, ఏడుపు ఎటో పోయింది. "నరేందరన్నా, గ్యాస్ పెట్టు. అంచుకు గాదు, నడుమ. రంధ్రం చుట్టూర సమంగ తిప్పుకుంట కాల్చు. సుత్తె ముట్టొద్దు."

నీలం మంట బుస్సుమంది. నరేందర్ నెమ్మదిగా గుండ్రంగా తిప్పాడు. నూనె పొగ లేచింది. రోహిణి రెండు వైపులా ఊడలాగే పుల్లర్ బిగించి, అటు ఒక పావు చుట్టు, ఇటు ఒక పావు చుట్టు తిప్పుతూ పోయింది. బాలనర్సయ్య గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఊడి రావాలో వద్దో మొక్కుకోవడం కూడా మరిచిపోయాడు. పానా పట్టుకున్న కూతురి చేతి నరాలు ఉబ్బడం కనిపిస్తోంది. ఇంకో పావు చుట్టు. ఇంకోటి.

ఠక్కుమని చప్పుడైంది. అందరూ ఉలిక్కిపడ్డారు. చెన్నకేశవులు గారు కుర్చీలోంచి లేచేశాడు. రోహిణి, నరేందర్ తోలు గ్లౌజులతో దాన్ని పట్టి బల్ల మీద బోర్లా వేశారు.

రోహిణి గుడ్డతో మసి తుడిచింది. మొదట 4417 బయటపడింది. బాలనర్సయ్య కళ్లు మూసుకున్నాడు.

"రేకు లేదు నాన్నా," అన్న మాట వినిపించింది. "చూడు. బుష్ ఏసిండ్రు. లేత్ మీద కోసి, మంచిగ, సరిగ్గ కొలతకు. గోరు గాదు గద, గాలి గూడ దూరదు."

ఆయన కళ్లు తెరిచి దగ్గరికి వచ్చాడు. రంధ్రం చుట్టూ ఉంగరంలా నున్నటి ఉక్కు బుష్. అలాంటి పని ఆ రోజుల్లో ఒక్కరే చేయించేవారు. దాని పక్కన పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు, తనవే. వాటిని ఎవరూ అరగదీయలేదు. వాటిని ఆనుకుని, అదే వరసలో, ఇంకో రెండు చుక్కలు.

బాలనర్సయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎవలయి ఆ రెండు?" అంది రోహిణి. తర్వాత ఆమెకే గుర్తొచ్చి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

చెన్నకేశవులు గారు కళ్లజోడు సవరించుకుని చూశాడు. "అవునప్పా, ఆ తూరి బండి రెండు దినాలు ఆలస్యంగా ఇచ్చినాడు. ఎల్లయ్య ఉస్తాదే ఎండలో మా ఇంటికి తోలుకొచ్చినాడు. ఎందుకు లేటయిందంటే, తప్పు నాదే సార్, లేత్ పని పడింది అన్నాడు. వేరే మాట చెప్పలేదు."

"నేను జాతరల ఉన్న అప్పుడు," అన్నాడు బాలనర్సయ్య. "నేనొచ్చినంక బండి మంచిగ నడిచిందా అని అడిగిండు సార్. నేను మీ బండి గురించి అనుకున్న. ట్యాక్సీ గురించి అడిగిండు. నెంబరు చూసిండు. అంత తెలిసే అడిగిండు. నేను పెట్టిన బెల్లం తిన్నడు." ముఖం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అరవై దాటిన మనిషి అలా ఏడుస్తుంటే నరేందర్‌కు ఎటు చూడాలో తెలియక సిలిండర్ వాల్వు బిగించాడు.

చెన్నకేశవులు గారు వంగి ఆ రెండు చుక్కల వైపు మళ్లీ చూశాడు. కోపం పోయిందని చెప్పలేం. ముఖం ఇంకా గంటుగానే ఉంది. కానీ ఆయనకు ఏదో గుర్తొచ్చినట్టుంది.

"దవాఖానలో ఉన్నప్పుడు నేను చూడబోయినా ఉస్తాద్‌ను," అన్నాడు. "గుర్తుపట్టినాడు. అంబాసిడర్ ఎట్లుంది సార్ అన్నాడు. బాగుండాది, ఇంక మీరు లేకుంటే దాన్ని ఎవరికి చూపించేదని అడిగినా. అప్పుడు చెప్పినాడు, అది మా నర్సిగ కట్టిన ఇంజిన్ సార్, వానికే ఇయ్యుండ్రి, వాడు మల్ల తప్పు చెయ్యడు అని. 'మల్ల' అనే మాట వాడినాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకు ఇప్పుడు తెలిసె. అందుకే కదయ్యా నేను నిన్ను వెతుక్కుంటూ నిజాంపేట వచ్చింది."

బాలనర్సయ్య తల ఎత్తాడు. "ఎప్పుడు సార్ అది?"

"పోయే ముందు వారం."

"నాకు మనిషిని పంపింది గూడ ఆ వారమే సార్," అన్నాడు. "ఒక్కసారి వచ్చి పొమ్మన్నడు. నేను పోలె."

చెన్నకేశవులు గారు రోహిణి వైపు తిరిగి, "ఇదే ఎక్కించు తల్లీ. సోమవారం వాళ్లు అడిగితే ఉన్నది ఉన్నట్టు నేను చెప్పుకుంటా," అన్నాడు. బయటికి వెళ్లబోతూ ఆగి, "నేను ఇందాక అన్న మాట మనసులో పెట్టుకోవద్దు," అని కూడా అన్నాడు. బాలనర్సయ్య వైపు మాత్రం చూడకుండా కారెక్కాడు. కారు సందు దాటిపోయింది.

రోహిణి కొత్త పళ్ల చక్రం తీయడానికి లోపలికి వెళ్తూ, "నాన్నా, ముట్టుకోకు, ఇంకా కాలుతున్నది," అంది.

బాలనర్సయ్య బల్ల దగ్గరే నిలబడ్డాడు. వేలికి కట్టిన గుడ్డ విప్పి పక్కన పెట్టి, ఆ రెండు చుక్కల మీద బొటనవేలు ఆనించాడు. ఇనుము ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఆయన వేలు తీయలేదు.